ఓబులేసు ఇనుప కాళ్లు

దువ్వూరు ఓబులేసుకు డెబ్బయ్యొకటో ఏడు. సుగర్ పరీక్షకని పెళ్లాం భారతమ్మ ఆయన్ను పరగడుపునే మొదటి బస్సుకు ప్రొద్దుటూరు పిల్చుకొచ్చింది. ఆమె ఆస్పత్రి వరుసలో నిలబడగానే ఈయన "బజారు పని ఒకటుంది, ఇప్పుడే వస్తా" అని జారుకుని జియావుల్లా టీ అంగడి బెంచీ మీద తేలాడు. గ్లాసు నిండా టీ, పైన రెండు చెంచాల చక్కెర. ఒక్క గుక్క లోపల పడిందంటే పరగడుపు చెడుతుంది, పరీక్ష ఇంకోనాటికి పోతుంది. అదీ ఈయన ఎత్తు.

గ్లాసు చేతికి అందేసరికి దువ్వూరులోనే ఉండే రిటైరైన బడి అయ్యవారు రామకృష్ణ చేతిసంచితో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఓబులేసూ, ఆడ భారతమ్మ నీ కోసం చూస్తాంది. పులివెందులలో వాళ్లన్నకు సుగరెక్కువై కాలు తీసేసినప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. లెయ్యి, పది నిమిషాల పని."

"నాకు పరీక్షా! నా వొళ్లు సంగతి నీకు తెలీదు అయ్యోరూ. చెప్తా విను. దాంట్లో ఒక్క అబద్ధం పట్టుకో, నీ యెనకాలే వస్తా."

"సరే, చెప్పు."

"పోయిన ఎండకాలం మోకాళ్లు పట్టేసినాయి. కడపలో డాక్టరు చూసి, చిప్పలు అరిగిపోయినాయి, మార్చాల అనె. మార్చేదానికి అదేమన్నా ట్రాక్టరు టైరా అంటి. ఇంటికొచ్చి దినామూ తెల్లారి చేని గట్టు మీద రవ్వంత దూరం నడిస్తి. నెల తిరక్కముందే సగం నొప్పి పోయె."

"అది నిజమే మామా. మా నాయనకు కూడా డాక్టరు నడవమనే చెప్పినాడు" అన్నాడు జియావుల్లా.

ఓబులేసు మురిసిపోయి గ్లాసు ఎత్తాడు.

"ఆ తర్వాత?" అన్నాడు అయ్యవారు. గ్లాసు దిగింది.

"తర్వాతేముంది, పెంచుకుంటా పోతి. దువ్వూరు నుంచి మైదుకూరు, మైదుకూరు నుంచి ఖాజీపేట. ఒకనాడు యెనక బస్సు హారన్ కొడ్తాంది. పక్కకు జరగమని గాదప్పా, ఇంకా బిరీన నడవమని! నేను ముందుంటే దానికి గాలి అడ్డం రాక డీజిలు మిగుల్తాందంట. డ్రైవరు దిగొచ్చి, రేపు గూడా ఇదే టైముకు రా మామా అని బతిమాలె."

"మరి బీపీ?"

"ఆ మాటే అడుగుతావనుకుంటి. నర్సమ్మ నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టె. మామూలోళ్లకు పట్టీ చేతిని పిసుకుతాది. నా చెయ్యి పట్టీని పిసికె! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాదరసం ఎక్కె, ఎక్కె, గాజుగొట్టం పగలగొట్టుకోని పోయి ఫ్యానుకు తగిలె. ఫ్యాను ఎదురు తిరిగె! బల్ల మీది చీటీలన్నీ ఎగిరిపోయి మిద్దెకు అతుక్కునె. ఆర్నెల్లాయె, నిచ్చెనేసుకోని ఇంకా పీకుతాండారు."

జియావుల్లా పొయ్యి మీద పాలు పొంగబోయాయి. మంట తగ్గించి, "సుగర్ మాత్రలు ఏసుకుంటాండావా మామా?" అన్నాడు.

"పరీక్షకు ముందు రెండు దినాలు ఏసుకుంటా. రిపోర్టు బాగొస్తాది. బాగుండాదని రిపోర్టే చెప్తాంటే ఇంక మాత్రలెందుకు? ఈ తూరి మా ఆడామె చెప్పకుండా పిల్చుకొచ్చె గానీ..."

అయ్యవారు కళ్లు మూసుకుని తెరిచాడు. గ్లాసు మళ్లీ లేచింది. "ఆ తర్వాత?" అన్నాడు గబుక్కున.

"ఒకనాడు మధ్యాన్నం వాకిట్లో మంచమేసుకోని పండుకుంటి. కండ్లు తెరిచి చూస్తే ఖాజీపేట బస్టాండు! ఏందిరా ఇదని వంగి చూస్తును గదా, మంచం కింద చీమలు! ఒక్కో మంచంకోడుకు లక్ష. నన్ను మోసుకోని రోడ్డుకు ఎడంపక్కనే పోతాండాయి, రూలు తప్పకుండా. నన్ను ఇంటికాడ దించండని ఒక్క కసురు కసిరితి. రివర్సు తీసుకునె!"

"సుగర్ లేకపోతే చీమలెందుకొచ్చినట్టు మామా?"

ఓబులేసు గుటక మింగాడు. టీ కాదు, ఉత్త గుటకే. "అదీ... మీసానికి అరిసె ముక్క అంటుకోని ఉండెలేప్పా."

"మరి కాళ్లు? కాళ్ల సంగతి చెప్పలేదే" అన్నాడు అయ్యవారు నెమ్మదిగా.

"కాళ్లా! జమ్మలమడుగు కాడ పెన్నా ఇసకలో, నడినెత్తిన ఎండ, ఉత్తకాళ్లతో నడిస్తి. ఇసక అబ్బా అనె గానీ నా కాళ్లు అనలే. పీర్ల పండగకు గుండం తొక్కేటోళ్లు ఉరుకుతారు గదా, నేను నిప్పుల నడిమధ్యన నిలబడుకోని బీడీ అంటించుకుంటి. నిప్పులే చల్లారిపోయె, పాపం వాళ్లు మళ్లా కట్టెలు తెచ్చుకునిరి! గండికోట కాడ ఈ గట్టున ఒక కాలు, ఆ గట్టున ఒక కాలు. కింద యేరు, పైన నేను! ముల్లు గుచ్చనీ, మేకు దిగనీ, నాకు తెలిసేదే లేదు. ఇనుప కాళ్లప్పా ఇవి! నొప్పి మొగం చూసి ఏడాదాయె!"

"ఓబులేసూ, నీ ఎడమ చెప్పు యాడ?"

ఓబులేసు కిందికి చూశాడు. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమకాలు ఉత్తది. బెంచీ కింద వెతికాడు. లేదు.

అయ్యవారు సంచిలోంచి చెప్పు తీసి ముందర పెట్టాడు. "గాంధీరోడ్డులో పడుండె. నిన్ను యెతుకుతా వస్తాంటే కనపడె. జారిపోయిన సంగతే నీకు తెలీలేదు." అంటూనే వంగి ఆ పాదం తన ఒళ్లోకి ఎత్తుకున్నాడు.

"అయ్యోరూ, నా కాలు నువ్వు పట్టుకుంటే పాపం నాకు!"

అరికాల్లో సోడామూత దిగి ఉంది. దాని చుట్టూ నెత్తురు గట్టకట్టింది. జియావుల్లా వంగి చూసి, "నా అంగట్లో సోడాలు లేవు మామా. యాడి నుంచి మోసుకొచ్చినావో!" అన్నాడు.

"నొప్పి లేదే..." అన్నాడు ఓబులేసు. అంత చిన్న గొంతు ఆయనకుందని బెంచీకి అప్పుడే తెలిసింది.

"భారతమ్మ వాళ్లన్నకు గూడా నొప్పి లేకపోయె" అన్నాడు అయ్యవారు.

ఓబులేసుకు నిజంగా భయమేసింది. అయినా పుట్టుకతో వచ్చిన గుణం యాడికి పోతుంది? "పందెం పందెమే అయ్యోరూ. ఒక్క అబద్ధమన్నా పట్టుకుంటివా?"

"లేదు. ఇన్ని కోతల్లో ఒక్క నిజం పట్టుకున్నా. చాలదా?"

ఓబులేసు దిక్కుతోచక గ్లాసు అందుకున్నాడు. టీ చల్లారి మీగడ కట్టింది. అయ్యవారు దాన్ని చేతిలోంచి తీసుకున్నాడు. "ఇంతసేపూ ఆ తర్వాత, ఆ తర్వాత అని అడిగింది నీ కథ కోసరమనుకుంటివా? మాట్లాడే నోట్లోకి టీ పోదు. పరగడుపు చెడలేదు, పద."

మూత తీసే పని డాక్టరుకే వదిలి జియావుల్లా ఆ కాలికి ఉతికిన గుడ్డ చుట్టాడు. ఓబులేసు అయ్యవారి భుజం పట్టుకుని లేచాడు.

"నడుస్తావా మామా," అన్నాడు జియావుల్లా గ్లాసు కడుగుతూ, "చీమల్ని మంచం తెమ్మందునా?"