సైదా బీడు

బళ్ళో బోర్డు మీద సైదాబీడు అని రాసుంది గదా, ఆ సైదా ఎవరు తాతగారూ అని అడిగావు. కూర్చో, చెప్తా. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకమ్మా, టీచరువే అయినా మా మనవరాలి ఈడుదానివి, మీరు అనడానికి నాకు నోరు రాదు. సైదా అంటే ఏ పీరు సాయిబో అనుకుంటారు ఇప్పటివాళ్ళు. మొన్నెవడో బస్సు దిగి అక్కడ దర్గా ఎక్కడుందండీ అని అడిగాడు. దర్గా లేదు, ఏమీ లేదు. దూదేకుల మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. సన్నగా, నల్లగా ఉండేవాడు, జుట్టులో ఎప్పుడు చూసినా దూది నలుసులే. మాట మెత్తన. వాళ్ళ తాత వినుకొండ వైపు నుంచి విల్లు భుజాన వేసుకుని వచ్చాడట. ఊరూరా తిరిగి పరుపులకీ దిళ్ళకీ దూది ఏకేవాడు. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత ఈయన. మూడు తరాలు పత్తితోనే బతికారు గానీ పత్తి విత్తడానికి ఒక్కడికీ జానెడు నేల లేదు. అది సైదాకి మనసులో ఉండిపోయింది. ఎవరింటికి ఏకడానికి పోయినా పని మధ్యలో ఆగి, ఈ పత్తి ఏ చేలోదండీ, ఎన్ని వానలు పడ్డాయి, గింజ ఎక్కడ తెచ్చారు అని అడిగేవాడు. దూదేకేవాడికి ఇవన్నీ ఎందుకురా అని నవ్వుకునేవాళ్ళం.

ఇదంతా ఎప్పుడంటావు, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు. యాభై మూడు. ప్రకాశం జిల్లా అప్పటికి పుట్టనే లేదు. మనం నెల్లూరు జిల్లా, ఒంగోలేమో గుంటూరు జిల్లా. నవ్వకు, నిజమే. పై ఆఫీసులో పనిపడితే నెల్లూరు పోవాలి, పోనూ రానూ రెండ్రోజులు. మా మేనమామ ఒకసారి అలా పోయి అక్కడే పెళ్ళి సంబంధం కుదుర్చుకొచ్చాడు, ఆ సంగతి వేరే. ఏం చెప్తున్నానూ, ఆఁ, బీడు. ఇప్పుడు నువ్వు బస్సు దిగి బడి దాకా నడుస్తావు చూడు, అదంతా రేగు పొదలు, బలుసు పొదలు, తుమ్మలు. పైన జానెడు ఎర్రమన్ను, కింద గులకరాళ్ళు. సర్కారు బంజరు. మా ఊరి గొడ్లు మేయడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదనేవాళ్ళు. అక్కడికి పెళ్ళాన్నీ, చంకలో పిల్లనీ వెంటబెట్టుకుపోయి జొన్నచొప్పతో పాక వేశాడు సైదా. ఊరికి రెండు మైళ్ళ దూరంలో, చుట్టూ మనిషి జాడ లేని చోట. ఊళ్ళో ఒకటే నవ్వు. మా నాన్నయితే అరుగు మీద కూర్చుని, 'దూది అయిపోయింది, ఇక రాళ్ళని ఏకుతాడట రా వాడు' అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పాడు.

సైదా పెళ్ళాం పేరు లాల్‌బీ. దాచేపల్లి పిల్ల. వాళ్ళ నాన్న అక్కడ నాపరాళ్ళ గనిలో రాయి కొట్టేవాడు, ఈవిడ పరికిణీ కట్టే వయసు నుంచీ ఆయన పక్కన రాళ్ళ మధ్య పెరిగింది. పొడగరి. ఆవిడ చేతులు చూస్తే మగవాడి చేతులనుకుంటావు. సైదా తొలకరికి పత్తి వేద్దామని గింజలు మూటగట్టి ఉంచుకున్నాడు. ఇంతలో ఏమైందీ, తాగడానికి వాళ్ళకి వాగులో తీసుకున్న చెలమే దిక్కు. కొత్తనీరొచ్చి చెలమ పాడైంది. పిల్లకి విరేచనాలు పట్టుకుని మూడోరోజుకి పోయింది. ఏడాది నిండలేదు పాపం. పిల్లని పూడ్చి వచ్చాక లాల్‌బీ ఆ గింజల మూట తీసుకెళ్ళి చూరులో దోపేసిందట. 'ముందు బావి, తర్వాతే పత్తి' అందట. అదీ ఆ బావి మొదలు. మూడు ఎండాకాలాలు తవ్వారు. రెండు మట్లు, అంటే ఇద్దరు మనుషుల ఎత్తు దిగేసరికి బండ. మందు పెట్టి పేల్పించే తాహతు ఎక్కడిదీ? లాల్‌బీ గుంటలో కూర్చుని అరచేత్తో బండని తడిమి చూసేది. రాయికి పొర ఉంటుంది, పొర ఎటు సాగిందో చూసి కొట్టాలి అనేది. నరికిన తుమ్మ మొద్దులన్నీ బండ మీద పేర్చి మంటపెట్టేవాళ్ళు. బాగా కాలాక వాగు నుంచి మోసుకొచ్చిన నీళ్ళు గుమ్మరిస్తే పెళపెళమని పగుళ్ళిచ్చేది. ఆ పగుళ్ళలో ఉలి దించి పెళ్ళలు లేపేది ఆవిడ. సైదా తట్టలకెత్తి పైకి చేరవేసేవాడు. ఎండాకాలంలో సగం రోజులు ఊళ్ళమీద పోయి దూది ఏకి నూకలు తెచ్చేవాడు, సగం రోజులు బావిలో.

రెండో ఏడు జక్రయ్య వచ్చి కలిశాడు వాళ్ళతో. జక్రయ్య మా పాలేరు. చర్చి పక్క పల్లెలో ఉండేవాళ్ళు. వాళ్ళ నాన్న మా తాత దగ్గర చేశాడు, ఈయన మా నాన్న దగ్గర. ఒకరోజు వచ్చి చేతులు కట్టుకుని, 'అయ్యా, వచ్చే ఏరువాక నుంచి నేను రానయ్యా, సైదా పక్కన నేనూ నాలుగెకరాలు కొట్టుకుంటా' అన్నాడు. మా నాన్న అన్నం ముందు కూర్చున్నాడు, తినకుండా లేచిపోయాడు. గొడ్ల మేత పోతోందని ఊరంతా అనుకున్నారు గానీ అసలు మంట అది కాదమ్మా. జక్రయ్య పోతే రేపు ఇంకొకడు పోతాడు, ఎల్లుండి ఇంకొకడు. సైదాని చూసి అందరికీ కాళ్ళొస్తాయి. అదీ భయం. జక్రయ్య పెళ్ళాం ఎలీసమ్మ కూడా లాల్‌బీతో పాటు బావిలోకి దిగింది. ఇద్దరు ఆడవాళ్ళు బండ కొడుతుంటే ఆ చప్పుడు మా చేను గట్టు దాకా వినపడేది.

మూడో ఏటికి బావిలో నీరు ఊరింది. ఎక్కువ లేదు, చీలమండ లోతు. ఆ ఏడే సైదా చూరులో మూట దించి మూడెకరాల్లో పత్తి వేశాడు. ఎంత బాగా వచ్చిందనుకున్నావు! పసుప్పచ్చ పూలు, కింద కాయలు. ఇక్కడ ఒక సంగతి ఉంది. బంజరు కొట్టుకున్నవాడు ఊరికే నాదంటే కాదు, ఆఫీసరు వచ్చి సాగులో ఉందని కళ్ళారా చూసి రాసుకుంటేనే పట్టాకి దారి. లేకపోతే లేచిపొమ్మంటారు. ఆ ఏడు ఒక సోమవారంనాడు ఆఫీసరు వస్తాడని కబురు. దానికి ముందు శుక్రవారం పత్తి మీద గొడ్లు పడ్డాయి. నలభై గొడ్లు. మధ్యాహ్నానికి చేలో మోళ్ళు తప్ప ఏమీ లేవు.

పడ్డాయి అంటారు మా ఊళ్ళో ఇప్పటికీ. పడలేదమ్మా. తోలారు. తోలింది నేనే. ఇరవై మూడేళ్ళు నాకప్పుడు, తెలియక చేశాననడానికి లేదు. మా నాన్న తోలమని కూడా అనలేదు. 'ఇవాళ సైదా నమాజుకి దర్శి పోయుంటాడు, జక్రయ్య తాటాకు కొట్టడానికి పోయాడట, మన గొడ్లు ఆ వైపు మేస్తే బాగుండు' అన్నాడు, అంతే. తండ్రి మాట అని తోలాను. తోలాక గట్టు మీద నిలబడి చూడలేకపోయాను. పచ్చటి కాయలు గొడ్లు నములుతుంటే ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో నీకు చెప్పలేను. వెనక్కి మళ్ళించుదామని ఒకసారి కర్ర ఎత్తాను కూడా. ఎత్తి దించేశాను.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. పక్కన కరణం, వెనక ఊరి పెద్దలు, వాళ్ళలో మా నాన్న, నేను. సాగేమీ లేదండీ, ఉత్త బీడు అన్నాడు కరణం. ఆఫీసరు మోళ్ళకేసి చూసి, ఎవరి పశువులయ్యా ఇవి తిన్నది అని సైదాని అడిగాడు. లాల్‌బీ ముందుకొచ్చి నోరు తెరవబోయింది. సైదా ఆవిడకి అడ్డంగా నిలబడి, 'ఎవరివైతే ఏంలెండి, నోరులేని జీవాలు, పచ్చగా కనపడితే మూతి పెడతాయి' అన్నాడు. నా వైపు చూడలేదు. మా నాన్న వైపూ చూడలేదు. ఆఫీసరు సరే అని వెనక్కి తిరగబోయాడు. అప్పుడందమ్మా లాల్‌బీ, 'పంటనంటే గొడ్లు తింటాయి దొరా. ఈ బావిని ఏ గొడ్డు తినిద్ది? వచ్చి చూడండి' అని.

చూశాడు. అయిదు మట్ల లోతు. గోడలన్నీ ఉలి దెబ్బలు. చేదతో తోడి ఇస్తే ఆ నీళ్ళు తాగాడు. ఎవరు తవ్వారమ్మా అంటే ఇద్దరు ఆడవాళ్ళూ అరచేతులు చూపించారు. అక్కడే నిలబడి రాసుకున్నాడు.

పట్టా వచ్చేసరికి ఇంకో మూడేళ్ళు పట్టిందనుకో. జక్రయ్యకీ వచ్చింది. తర్వాత ఒక్కొక్కళ్ళే పోయారు, మా నాన్న భయపడ్డట్టే. మోట వేసి మిరప పండించారు, మాఘమాసంలో గట్టెక్కి చూస్తే కళ్ళాలన్నీ ఎర్రగా ఉండేవి. సైదాకి ఆ తర్వాత ఒక కొడుకు, మొహిద్దీన్ బాషా. మీ బడికి స్థలం ఇచ్చింది అతనే. నా పెళ్ళికి పరుపులు కావాలని మా నాన్న ఎవరిని పిలిపించాడనుకున్నావు? సైదానే. వచ్చాడు. మా వసారాలో రెండ్రోజులు కూర్చుని ఏకాడు. చెప్పేద్దామని మంచినీళ్ళ చెంబు పట్టుకుని నాలుగుసార్లు దగ్గరికి వెళ్ళాను. చెంబు అందుకుని, 'పత్తి మంచిదండీ, ఎక్కడ కొన్నారు' అంటాడు. నేను ఊరి పేరు చెప్పి తిరిగొస్తాను. అట్లా పదేళ్ళు గడిపేశాను. చిన్నప్పటి నుంచీ పీల్చిన దూది దుమ్ము ఆయన్ని తినేసింది, దగ్గు దగ్గు. అరవై ఆరులో పోయాడు, యాభై నిండకుండా. అప్పటికి బీట్లో పదహారు గడపలు. దర్శిలో మట్టి చేయడానికి ఆరు మైళ్ళు మోశాం. జక్రయ్య పాడె ముందు కొమ్ము ఎవరికీ వదల్లేదు. నేనూ కాసేపు భుజం పట్టాను. నాకు ఆ హక్కు లేదని తెలిసే పట్టాను.

నలభయ్యో రోజు అయ్యాక వెళ్ళాను. లాల్‌బీ పాక ముందు మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. కూర్చోమని పీట తోసింది. కూర్చోకుండానే చెప్పేశాను, ఆ ఏడు మీ చేలోకి గొడ్లని తోలింది నేను అని. తలెత్తలేదావిడ. తొడిమలు తీస్తూనే, 'తెలుసు. బావి అడుగున ఉన్నా పైన మీ అదిలింపు వినపడింది. ఎక్కి వచ్చేసరికి మీరు లేరు, అన్ని గొడ్లని ఒక్కదాన్నే మళ్ళించలేకపోయా. ఆయనకి ఆ పూటే చెప్పా' అంది. ఇన్నేళ్ళూ తెలిసే నా చేతి చెంబు అందుకున్నాడన్నమాట ఆయన. నన్ను క్షమించమని ఏదో గొణిగాను. అప్పుడు చూసింది నా మొహంలోకి. 'మీ మీద నాకేం లేదయ్యా, మీరు పరాయోళ్ళు. నా కోపమంతా ఆయన మీదే. ఆ రోజు దొర ముందు ఆ ఒక్క మాటా నన్ను చెప్పనిచ్చుంటే బాగుండేది' అంది. అని మళ్ళీ తొడిమలు తీసుకుంటూ కూర్చుంది.

అంతేనమ్మా.

ఎండ నీ మొహాన పడుతోంది, ఇటు జరుగు. మజ్జిగ తెమ్మంటావా?