నాంచారమ్మ పెట్టిన కేక

నాంచారమ్మని, మా మేనత్తకి తోడికోడలు. ఒంటి మనిషి. ఎకరం జొన్నచేను, దాని మీదే ఏడాది కూడు. చేను పాలకంకి మీదుందంట, అప్పుడు చిలకలు దిగినయ్యంటే ఇంకేముంది, గింజ మిగలదు. అందుకని పొద్దస్తమానం మంచె మీదుండి కేకలేసేది. కేకంటే ఏం కేకనుకున్నారు, పక్కూరి ఎడ్లు బెదిరేయి! ఏమైందంటే, ఆ చేని పక్కన పాడుబడ్డ బంగళాలో దెయ్యాల సినిమా తీస్తన్నారంట. అరిచి అరిచి హీరోయిన్ గొంతు పోయింది. డైరెక్టరు ఈమె కేక విని ఉరుక్కుంటా వచ్చాడు. మొహం ఆ పిల్లది పెట్టుకుంటాం, కేక మాత్రం నీదివ్వమ్మా అన్నాడు. "నేనొస్తే చిలకల్ని ఎవురు తోల్తారయ్యా, మీ తాతా?" అందంట. "మా దెయ్యాన్ని కూచోబెడతాలేమ్మా" అన్నాడు. దెయ్యమంటే సూర్యమని ఒకాయన. తెల్లకోక, మోకాళ్ల దాకా సవరం, కళ్ల కింద మసి. ఆయన మంచె ఎక్కాడు, ఈమె దిగింది.

లోపల చూస్తే, నవ్వొద్దు మీరు, ఒకడు సాంబ్రాణి పొగేస్తన్నాడు, ఒకడు ఆముదం పోయని గిలక తిప్పి తలుపు చప్పుడు చేస్తన్నాడు, ఇంకొకడు గజ్జెలు చేత్తో పట్టుకొని ఘల్లు... ఘల్లు... "ముందు తలుపు కిర్రుమంటది, తర్వాత గజ్జెలు, తర్వాత అంతా నిశ్శబ్దం. అప్పుడు గాలికి కిటికీ తెరుచుకుంటది. నీకు భయం పుట్టి కేక పెడతావు" అన్నాడు డైరెక్టరు. "దెయ్యానికి గజ్జెలెందుకు నాయనా, భయపెట్టేది చప్పుడు కాకుండా రావాల గాని" అందంట ఈమె. సరే, మొదలెట్టారు. నాంచారమ్మకి నవ్వొచ్చింది. మళ్లీ మొదలెట్టారు. మళ్లీ నవ్వొచ్చింది. డైరెక్టరు నెత్తి పట్టుకున్నాడు. మూడోసారి ఫ్యాను గాలికి కిటికీ దబ్బున తెరుచుకుంది. ఎదురుగా చేను. మంచె మీద సూర్యం గుర్రుపెట్టి నిద్ర. కంకికొక చిలక! ఆయన సవరం మీద కూడా రెండు కూచోనున్నయ్యంటే చూడండి. తెల్లకోకకి భయపడాలని వాటికేం తెలుసు, సినిమాలు చూస్తయ్యా?

అప్పుడు పెట్టిందయ్యా కేక! గజ్జెలోడు గజ్జెలొదిలేసి పరుగు, సూర్యం మంచె మీంచి జొన్నలో పడ్డాడు, చిలకలు ఏరు దాటి పోయినయ్యి. "బంగారు తల్లీ, అదీ కేకంటే!" అని డైరెక్టరు దణ్ణం పెట్టేసరికి ఈమె ఏది? చేలో ఉంది, కంకులు తడుముకుంటా. గట్టు వారగా నాలుగు సాళ్లు పోయినయ్యి గాని, చేను దక్కింది.

ఆ సినిమా నేనూ చూశా, నరసరావుపేటలో. ఆ కేకకి హాలంతా కళ్లు మూసుకుంది. పక్కనాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎందుకయ్యా వణుకుతావు, ఆమె దెయ్యాన్ని చూసి అరవలేదు అన్నా. దెయ్యం వస్తే ఏం బోద్ది? వేపమండతో నాలుగు తగిలిస్తే అదే బోద్ది. చిలకలు దిగితే ఏడాది కూడు బోద్ది. భయమంటే అదయ్యా.