పెన్నులు కింద పెట్టండి

రేపు పొద్దున్నే ప్రవేశపరీక్ష పెట్టుకుని కూడా ఈ హాలుకి వచ్చిన పిల్లలకీ, వాళ్ళని తీసుకొచ్చిన అమ్మానాన్నలకీ, ముందు వరసలో కూర్చున్న మాస్టారి భార్య, మా వదినగారికీ నమస్కారం. మన ఫిజిక్స్ మాస్టారు పోయి వారమైంది. క్లాసుకి వస్తూ మెట్ల మీదే కూలిపోయారు. ఆయనతో కలిసి అదే మేడ మీద, మన కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతున్నవాణ్ణి నేను. కూర్చుని మాట్లాడమన్నారు. నావల్ల కాదు. మీరూ స్థిమితంగా లేరు. కుర్చీలు కిర్రుమంటున్నాయి, వెనక ఎవరో ఫార్ములాలు గొణుక్కుంటున్నారు. గొణుక్కోండి నాయనా, తప్పు లేదు. మాస్టారైతే సంతోషించేవారు.

ఆయన్ని మీరంతా 'ఆగండి మాస్టారు' అనేవారు. ఎందుకు? మోడల్ పేపరు చేతికి రాగానే మీరు పెన్ను తీస్తే, 'ఆగండి! పెన్నులు కింద!' అని ఒక్క కేక. పేపరంతా చదివేదాకా ఎవరూ పెన్ను ముట్టకూడదు. చేతులు కట్టుకుని చదవాలి. గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఎంత ఒళ్ళు మండేది మీకు! చివరికి 'ఊఁ, ఇక రాయండి' అనేవారు. ఆ మాట కోసం ఎంత ఎదురుచూసేవారు!

ఇదిగో, కిటికీ దగ్గరున్న దర్జీ అన్నయ్య ఒకరోజు మేడెక్కి వచ్చి గొడవపెట్టుకున్నాడు. 'మా అమ్మాయికి స్పీడు నేర్పమని పంపితే చేతులు కట్టుకోమంటారేంటండీ? పక్క సెంటర్లో పిల్లలు మిషన్లలా రాసేస్తున్నారు' అని. మాస్టారేమన్నారు? 'కొలతలు తీసుకోకుండా కత్తెర వేస్తారా అన్నయ్యా మీరు?' అంతే. అన్నయ్య మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాడు చిన్నమ్మాయిని కూడా తెచ్చి చేర్చాడు. ఏం అన్నయ్యా, అవునా కాదా?

మరి అందర్నీ ఆగమన్న మనిషి, తను ఆగేవారా? పరీక్ష రోజు గేటు బయట చూడాలి ఆయన్ని. కాలుగాలిన పిల్లిలా తిరిగేవారు. టీ చెప్పి తాగడం మర్చిపోయేవారు. నిరుడు మొదట బయటికొచ్చిన పిల్ల చేతిలోంచి పేపరు లాక్కుని, జేబులో సుద్దముక్క తీసి ప్రహరీగోడ మీదే లెక్క మొదలుపెట్టేశారు. వాచ్‌మన్ అరుస్తున్నాడు, ఈయన వింటేగా! గోడ సగం నిండాక ఆ పిల్ల మెల్లిగా అంది: 'మాస్టారూ, అది నునుపు తలం అని ఇచ్చాడు. మీరు ఘర్షణ కూడా కలిపేశారు. ప్రశ్న చదవలేదా?' గేటు ముందున్న జనమంతా గొల్లున నవ్వారు. మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని, బుద్ధిగా చేతులు కట్టుకుని, 'తల్లీ, నువ్వు పాస్. నేను ఫెయిల్' అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది కూడా ఆయనే.

ఇప్పుడు అసలు సంగతి. చెప్పకుండా ఉండలేను. మాస్టారి అమ్మాయి, మా చిట్టితల్లి, రేపు అదే పరీక్ష రాయాలి. రెండేళ్ళుగా చదివింది. పొద్దున నాతో ఏమందో తెలుసా? 'బాబాయ్, నేను రాయను. పెన్ను తీసి మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను. గేటు బయట నాన్న లేకుండా లోపలికి వెళ్ళలేను.' వెళ్ళమనడానికి నేనెవర్ని? వద్దనడానికి మాత్రం నేనెవర్ని? నాకు కోపంగా ఉంది. దుఃఖం కంటే ముందు కోపమే వస్తోంది. ఒక్క వారం ఆగలేకపోయారా మాస్టారూ? ఊరందరికీ ఆగమని చెప్పారే!

చిట్టితల్లీ, రేపు గేటు బయట నేనుంటాను. ఆయనలా తిరగడం నాకు చేతకాదు, వచ్చినట్టు తిరుగుతాను. నువ్వు రాకపోయినా ఉంటాను.

మిత్రులారా, అందరూ లేచి నిలబడండి. పిల్లలూ, పెన్నులు కింద పెట్టండి. జేబుల్లో ఉన్నవి కూడా తీసి కుర్చీల మీద పెట్టండి. ఆయన నేర్పినట్టే చేతులు కట్టుకోండి. ఈ మౌనం ఎంతసేపో నేను చెప్పను. దీన్ని ముగించే మాట నాది కాదు. అమ్మా, అది నీది. మీ నాన్న చివర్లో అనే ఆ మాట నువ్వు అన్నాకే మేం కూర్చుంటాం. అనలేకపోయావనుకో, పర్వాలేదు తల్లీ, ఇలాగే నిలబడి ఉంటాం. తొందరేం లేదు.