సిగ్నల్ దగ్గరి ఇల్లు

బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. కిటికీ పక్కన భార్య, ఆమె పక్కన బ్యాంకులో ఇంటి లోన్లు చూసే భర్త. ఊరి చివర కొనుక్కున్న ఫ్లాట్ నుంచి ఇద్దరూ పనికి వెళుతున్నారు.

"అదిగో, మన ఇల్లు."

"మనది కాదుగా. రోజూ ఎందుకలా చూస్తావు?"

"బస్సు రోజూ ఇక్కడే ఆగుతోంది, నేనేం చేయను? బాల్కనీలో బట్టలారేశారు. ఎవరో?"

"ఒక నర్సు, వాళ్ళమ్మ."

"మీకెలా తెలుసు?"

"ఆవిడ లోను ఫైలు నా టేబుల్ మీదికే వచ్చింది. నిరుడు, ఈ ఇల్లు కొనకుండా మనం వడ్డీ తగ్గుతుందని ఆగిన నెలలోనే."

"మనం కాదు, మీరు ఆగారు. నా కుట్టు షాపు నాలుగడుగుల దూరం, వంటింట్లోకి పొద్దుటి ఎండ అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పావు శాతం తగ్గనీ అన్నారు."

"తగ్గిందిగా."

"తగ్గింది. ఈలోపు ఇక్కడి ధరలు ఆకాశాన్నంటాయి. మనం గంటన్నర దూరం పోయి పడ్డాం."

అతను సిగ్నల్ వైపు చూశాడు.

"ఆవిడ కూడా అడిగే ఉంటుంది, వడ్డీ తగ్గేదాకా ఆగనా అని."

"అడిగింది."

"మీరేమన్నారు?"

"ఇల్లు నచ్చితే ఆగకండమ్మా, వడ్డీ తర్వాతైనా మార్పించుకోవచ్చు అన్నాను."

"మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు?"

"లోను కోసం వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే అది. ఇరవై ఏళ్ళుగా చెప్పీ చెప్పీ, అది నిజమేనని నాకే తోచలేదు."

పచ్చ లైటు వెలిగింది. బస్సు కదిలింది.

"రేపట్నుంచి కిటికీ పక్కన మీరు కూర్చోండి."