కూర్మమ్మగారి లవంగాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టరు జగన్నాధం గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక నిలబడి వడల బుట్టవైపు చూస్తున్న నా తోటి నర్సులకు నమస్కారం. (నవ్వులు) ఈరోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మా హెడ్ సిస్టర్ కూర్మమ్మగారిని పొగడమన్నారు. పొగుడుతాను కానీ, ఆవిడ చూపు చూస్తుంటే తొందరగా ముగించడమే క్షేమమనిపిస్తోంది.

కిందటేడు కాలేజీ చదువంతా నెత్తిన పెట్టుకుని, ఆమదాలవలసలో రైలు దిగి, ఈ ఆస్పత్రికి పాఠాలు చెప్పడానికొచ్చాను. మూడు నెలలు అందరితోపాటు వార్డులో డ్యూటీ చేశాక చెప్పిన మొదటి పాఠం, తోటి నర్సు తాగినా, మత్తుమందు వాడినా ఎలా గుర్తుపట్టాలి, ఎవరికి చెప్పాలి అన్నది. ఎర్రబడ్డ కళ్లు, గది గడియ వేసుకోవడం, వాసన తెలియకుండా ఏదో ఒకటి నమలడం, అడిగినదానికి జవాబివ్వకపోవడం అని బల్ల గుద్ది చెప్పాను. మర్నాడు మా నర్సులు ఒకరికి తెలియకుండా ఒకరు డాక్టరుగారి దగ్గరకెళ్లి చెప్పిన పేరు ఒక్కటే: కూర్మమ్మగారు. (నవ్వులు) దుప్పట్ల గదిలో గడియ వేసుకుంటారట, ఎర్రటి కళ్లతో వస్తారట, లవంగాలు నములుతారట, పలకరిస్తే నోరు తెరవకుండా తలాడిస్తారట.

డాక్టరుగారూ నేనూ వెళ్లి తలుపు కొట్టాం. ఆవిడ మమ్మల్ని చూసి, నెమ్మదిగా నోరు తెరిచి, నిప్పువైపు లోపల పెట్టుకున్న చుట్టను బయటకు తీశారు. ఆవరణలో చుట్ట వెలిగించినవాళ్లను గేటుదాకా తరిమే మనిషి అడ్డపొగ పీలుస్తారని ఎవరనుకుంటారు? డాక్టరుగారూ, మీరప్పుడు పక్కకు తిరిగి దగ్గారు. అది దగ్గు కాదు. (నవ్వులు)

ఆవిడ మాత్రం నవ్వలేదు. నర్సులందరినీ పిలిచి, "నా మీద సెప్పడానికి అందరికీ నోరొచ్చింది. గురమ్మ మీద ఎవులికీ రానేదేటి?" అన్నారు.

నిజమే. సిస్టర్ గురమ్మగారు తూలితే వాతమనేవాళ్లం, కునికితే అలసటనేవాళ్లం, ఆవిడ డ్యూటీ కూడా మేమే చేసేవాళ్లం. రోగుల నొప్పికివ్వవలసిన పెథిడిన్ మత్తు ఇంజక్షను ఆవిడే పొడుచుకుంటున్నారని అనుమానమున్నా, మంచి మనిషి, మనలో మనిషి అని ఊరుకున్నాం. కూర్మమ్మగారికైతే ఆవిడ ఒకే కంచంలో తిని పెరిగిన స్నేహితురాలు. ఆ స్నేహితురాలి మీదే ఆవిడ అక్కడికక్కడే డాక్టరుగారికి చెప్పారు. చెప్పి, ఉద్యోగం తీయొద్దు, వైద్యం చేయించండంటూ ఆయన గది గుమ్మంలోనే కూర్చుండిపోయారు. ఆ తర్వాత చాన్నాళ్లు ఆవిడ పక్కన అన్నానికి ఎవరూ కూర్చోలేదు. పాఠం చెప్పింది నేను, ఒంటరిగా అన్నం తిన్నది ఆవిడ.

గురమ్మగారు వైద్యం చేయించుకుని తిరిగొచ్చి వార్డులో పనిచేస్తున్నారు. మందుల బీరువా జోలికి మాత్రం వెళ్లరు. ఇదంతా సభలో చెప్పమన్నది కూడా ఆవిడే. ఇందాక దండ చేత్తో పట్టుకుని నన్ను పక్కకు పిలిచారు. "కూర్మమ్మ ఎల్పోతంది. ఇంక నువ్వే నన్ను కనిపెట్టుకునుండాల తల్లీ. తేడా అగుపిస్తే మొగమాటపడక సెప్పేయ్."

చెబుతాను, గురమ్మగారూ. ముందు మీకు, ఆ వెంటనే డాక్టరుగారికి. మీరూ నన్ను కనిపెట్టి ఉండండి.

ఇక ఆ దండ తీసుకురండి. కూర్మమ్మగారూ, మీరొకసారి నోరు తెరిచి చూపించండి, పువ్వులు కాలిపోగలవు. (నవ్వులు)

ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. వడలు చల్లారకముందే, సెలవు.