వంకర స్క్రూ

వేలం కంపెనీ గదిలో బల్లమీద పాత జంటగొట్టాల తుపాకీ ఉంది. దాన్ని పరిశీలించిన నిపుణుడు కేటలాగు చేతికివ్వగానే, తుపాకీని అమ్మకానికి తెచ్చిన పెద్దావిడ భగ్గుమంది.

"తయారుచేసింది తుపాకుల షాపు యజమాని అని వేశారేం బాబూ? ఆయన జన్మలో ఉలి పట్టి ఎరుగడు. ఈ కర్ర చెక్కింది మా నాన్న!"

"గొట్టం మీదున్న పేరే వేస్తామమ్మా. మీ నాన్నగారి పనేనని రుజువేది?"

"కర్ర చివర, భుజానికి ఆనించే మడమకున్న ఈ రేకు కింద పెన్సిల్‌తో పేరు రాసేవాడు. విప్పి చూడండి."

"అమ్మో! డెబ్బై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని స్క్రూలివి. విప్పితే విలువ పోతుంది."

"ఎవరూ ముట్టుకోలేదా?"

"ఒట్టు."

"అయితే కళ్లజోడు పెట్టుకోండి. పై స్క్రూ గాడి నిట్టనిలువుగా ఉంది. కిందిది పక్కకి తిరిగుంది. గాడులన్నీ ఒకే వరసలో నిలబడేదాకా మా నాన్న అన్నం ముట్టేవాడు కాదు. ఎప్పుడు విప్పారు?"

నిపుణుడు గొంతు సవరించుకున్నాడు.

"పోయినవారం."

"పేరుందా?"

"ఉందమ్మా. కానీ ఊరూ పేరూ లేని పనివాడి గురించి రాస్తే కొనేవాళ్లు..."

"పేరు లేనివాడా? చదివి మరీ మూసేశారు కదయ్యా!"

"తప్పే. ఇప్పుడే విప్పి చూపిస్తాను. కేటలాగులో ఆయన పేరు కూడా వేయిస్తాను."

"వేయించండి. రేకు మాత్రం నేనే బిగిస్తాను. మీకు చేతకాదని తేలిపోయిందిగా!"