సీమకు ఇంటు మార్కు

గిదేంది మేడం, సీమకు గూడ ఇంటే కొట్టిండ్రా?

ఆ కాయితం జర ఇటు తిప్పుండ్రి. సదువు రానోడనుకున్నరా? ఏడో తరగతి దాక పోయిన. సరిగ్గ సెప్తె టిక్కు, తప్పు సెప్తె ఇంటు, గాపాటి నాకు తెల్వదా? ఇరవై అయిదు మాటలల్ల పదకొండు ఇంట్లు! ఇస్కూల్ల పంతులు గూడ నాకు గిన్ని ఇంట్లు కొట్టలే.

నేను ఇన్నది ఇన్నట్టే సెప్పిన. వేల్పూర్‌ల పొద్దుగాల బయలెల్లి రెండు బస్సులు మారి నిజామాబాద్ వచ్చిన. రాంగనే గా గాజు అర్రల కూసోపెట్టి తలుపేసిండ్రు. గాలి లేదు, ఎలుగు లేదు. ముంగట డబ్బలకెళ్లి ఎవరో ఆడామె ఒక్కొక్క మాట సెప్తది, ఇని తిరిగి సెప్పాలె, గంతే గద? ఆమె 'చీమ' అన్నది, నేను 'సీమ' అన్న. ఆమె 'చాప' అన్నది, నేను 'సాప' అన్న. 'చెంబు' అన్నది, 'సెంబు' అన్న. మూడిట్లకు మూడు ఇంట్లు. ఏం తప్పు సెప్పిన నేను? సీమ అంటె సీమనే గద, సక్కెర డబ్బల దూరేది!

ఏంది? సీమ అంటె వేరే మాటనా? మీకు వేరే కావచ్చు. మాకు పుట్టినకాన్నుంచి గదే సీమ, గట్లనే కుడుతది.

నవ్వకుండ్రి మేడం. మీది బోధన్ కాడ క్యాంపు అని మీరే సెప్పిండ్రు గద. మీ తాత ఎప్పుడో గుంటూరు దిక్కుకెళ్లి వచ్చి కాలువ కింద భూములు కొన్నడు. మూడు తరాలాయె. గీ గడ్డ మీద సెరుకు పండిచ్చిండ్రు, గీ నీళ్లే తాగిండ్రు, ఇంక గా చీమను ఇడ్సిపెట్టరా? నాలిక మడతేస్తె నాకూ వస్తది, సూడుండ్రి. చీ... మ. వచ్చింది గద? మరి గిది సెవి పరీక్షనా, నాలిక పరీక్షనా?

ఇంకోటి సూడుండ్రి. గీ పన్నెండో మాట. ఆమె 'నాన్న' అన్నది. సాఫ్ ఇనవడ్డది నాకు. నేను 'బాపు' అన్న. దానికీ ఇంటే! మాకు నాన్నంటె బాపే గద. ఇనవడకపోతె బాపు అని ఎట్ల అంట మేడం? జర సోంచాయించరా?

నాలుగు. గీ నాలుగు ఇంట్లు కొట్టేసి టిక్కులు పెట్టుండ్రి. పద్నాలుగుకు నాలుగు కలిపితె పద్దెనిమిది. ఆర్నెల్ల కింద గీ సెవి మిషిన్ లేకుండ పరీక్ష పెట్టినప్పుడు నాకు పదమూడు వచ్చినయి. మిషిన్ పెట్టుకున్నంక అయిదు మాటలు పెరిగితె మిషిన్ నాకే ఉంటది, పెరగకుంటె ఇయ్యాల్నే వాపసు తీస్కుంటరు. గంతే గద మీ రీసర్చ్ రూలు? అయిదు పెరిగినయి. సంతకం పెట్టుండ్రి. పన్నెండున్నరకు ఆర్మూర్ బస్సున్నది, మా ఆమె బయట బల్ల మీద కూసోని సూస్తున్నది.

ఏం తీస్తున్నరు? పాత కాయితమా?

ఓహో.

గప్పుడు గూడ సీమకు ఇంటే ఉన్నది. సాపకు, సెంబుకు, బాపుకు గూడ. అంటె గవి గూడ దిద్దాలె. పదమూడు పదిహేడు అయితది, గిప్పటిది పద్దెనిమిది. పెరిగింది ఒక్కటే మాట.

మీరు సెప్పేది నాయమే. కాదంటలేను. నాకే కోపమొస్తున్నది, ఎవల మీదనో తెల్వదు.

మరి ఏం రాస్తరు? గట్లనే రాస్తరా? ఆశన్న, వేల్పూర్, పసుపు పాలిష్ డ్రమ్ము కాడ పని, మిషిన్ తోని ఫాయిద లేదు అని? హైదరాబాద్ల పెద్ద సార్లు గది సదివి, సప్పుడు పనులల్ల సెవులు పోయినోళ్లకు మిషిన్లిచ్చుడు దండుగ అంటరు. రైస్ మిల్లోళ్లు, డ్రమ్మోళ్లు, కంకర మిషినోళ్లు, అందరి నోట్ల మన్ను పడుతది నా ఒక్కని తోని. వద్దు మేడం. మిషిన్ మంచిది. దేవుని మీద ఒట్టు, మస్తు పనిచేస్తది. నాకెర్క.

ఎట్లెర్క అంటరా?

మిషిన్ల అన్నీ యాదికుంటయని, గా తీగ తలిగించి కంప్యూటర్ల సూపిచ్చిండ్రు గద. రోజుకు పన్నెండు గంటలు. ఒక్క దినం నాగా లేదు. మీ స్టడీల ఎవ్వలూ గిన్ని గంటలు పెట్టుకోలే అని నన్ను మెచ్చుకున్నరు. మీరు మెచ్చుకుంటుంటె నేను గోడ దిక్కు సూసిన. మీరు పట్టించుకోలేదనుకున్న.

పట్టించుకున్నరా.

అవు, జరసేపటి కింద మిషిన్ తియ్యుమంటె నాకు తియ్యరాలే. గా రబ్బరు బుడిపె ఎటు తిప్పాల్నో తెల్వలే, మీరే తీసి మళ్ల మీరే పెట్టిండ్రు. రోజుకు పన్నెండు గంటలు పెట్టుకునేటోనికి తియ్యరాదా అని మీ మొఖంల కనవడ్డది. అడగకుండ్రి. నేనే సెప్త.

సెప్త గని, కోపం సెయ్యద్దు. ఇంక మేడం అన, బిడ్డా అంట. ఏమనుకోకు.

నేను పెట్టుకున్నది తొమ్మిది దినాలే బిడ్డా.

పెట్టుకుంటె ఏమైతదంటవ్? గిన్నె కింద పెట్టినా డమాల్ అంటది. బట్ట దులిపినా సప్పుడే. నా నమిలే సప్పుడు నాకే ఇనవడ్డది, తిండి గూడ పోలే. నెల దినాలు ఓపిక పడితె అలవాటైతదని నువ్వు సెప్పినవ్. ఓపిక ఏడిది నాకు? తీసి కిటికీల పారేసిన.

గా తర్వాత మంగళారం. మా ఆమె ఆర్మూర్ రోడ్డు దాటుతున్నది. ఎన్కకెళ్లి ట్రాక్టర్, నిండ లోడు. వాడు హారన్ కొడుతనే ఉన్నడు, నేను ఇటు దిక్కు నిలవడి ఒర్లుతనే ఉన్న. ఆమె నెత్తి మీద కొంగు సదురుకుంట మెల్లగ నడుస్తున్నది, ఏం ఫికర్ లేదు. వాడు ఎట్లనో పక్కకు కోసిండు. ట్రాలీ తలిగి ఆమె సేతిల సంచి ఎగిరిపడ్డది. టమాటలన్నీ రోడ్డు మీద. ఆమె వంగి ఏరుకుంటున్నది బిడ్డా, ట్రాక్టర్ దిక్కు సూస్తనే లేదు!

ఇంటికి పోయి, కిటికీల మిషిన్ తీసి ఆమె సెవిల పెట్టిన. ఒకళ్లది ఇంకొకళ్లకు పెట్టద్దని నువ్వు నాలుగుసార్లు సెప్పినవ్. యాదికున్నది. అయినా పెట్టిన. పెట్టి, 'ఇనవడుతున్నాదే?' అన్న. ఆమె ఉలిక్కిపడి, సెయ్యి అడ్డం పెట్టి ఏమన్నదో తెలుసా? 'ఎందుకు గట్ల ఒర్లుతున్నవ్, నేనేం తప్పు సేసిన?' అన్నది.

ఆరేండ్లాయె నేను ఆమెతోని ఒర్లకుంట మాట్లాడక. ఆమెకు ఇనవడదు, నాకు ఇనవడదు. ఒకళ్ల మీద ఒకళ్లం ఒర్లుకుంట, సగం మాటలు మింగుకుంట బతికినం. గా దినం మెల్లగ పిలిసిన. పలికింది. నాకు ఇనవడలే గని పెదవులు సూసిన. ఏడుపచ్చింది నాకు, సిగ్గేంది సెప్పనీకి.

గంతే. గప్పటి సంది మిషిన్ ఆమెదే. పొద్దుగాల మొఖం కడుక్కోంగనే పెట్టుకుంటది, పండుకునేముందు తీసి తుడిసి డబ్బల పెడుతది. నువ్వు సెప్పినవన్నీ ఆమెనే సేస్తది. బజార్ల ఎవలన్న ఏమన్న అంటె, ఆమె ఇని నా దిక్కు తిరిగి సెప్తది. ఒక్క మిషిన్ తోని ఇద్దరం ఎల్లదీస్తున్నం. ఇయ్యాల బస్సు దిగినంక, గీ దవాఖాన గేటు కాడ, ఆమె సెవిలకెళ్లి తీసి నా సెవిల పెట్టింది. ఆమెనే పెట్టింది. నాకు పెట్టుకోరాదు.

మరి ఆమెను గూడ స్టడీల రాయించకపోయినవా అంటున్నవా?

తీసుకొచ్చిన బిడ్డా. మొదటి దినమే తీసుకొచ్చిన, మర్సిపోయినవా? గీ కుర్సీల్నే కూసున్నది. 'ఏం పని చేస్తారమ్మా' అని నువ్వే అడిగినవ్. ఆమెకు ఇనవడలే. ఆమె బదులు నేను సెప్పిన, 'బీడీలు సేస్తది మేడం' అని. కార్డు గూడ తీసి సూపిచ్చిన. బీడీలు సేసుట్ల సప్పుడుండదు, గిది సప్పుడు పనులోళ్ల స్టడీ, ఈమెకు వయసు తోని వచ్చింది అన్నవ్. పేరు కొట్టేసినవ్.

నీ తప్పు లేదు. ఆమె నాతోని ఇరవై రెండేండ్లు గా డ్రమ్ము కాడనే ఉన్నది. సీజన్ల ఎండిన పసుపు కొమ్ములు డ్రమ్ముల పోసేది ఆమె, తిప్పేది నేను. లోపల కొమ్ములు రాసుకునే సప్పుడు నాకెంత పడ్డదో ఆమెకు గంత పడ్డది. ఎక్కువనే పడ్డది, డ్రమ్ము మూతి కాడ నిలవడేది ఆమెనే. గని సేటు బుక్కుల నా ఒక్కని పేరే. ఆలుమగలిద్దరు పనికి పోతె మొగని పేరే రాస్తరు, గట్లనే నడిసింది. బీడీలంటవా, గవి మిగిలిన నెలలల్ల సేసేది.

మరి గా దినం బీడీలని ఎందుకు సెప్పిననంటవా? ఆమె పింఛన్ బీడీ కార్డు మీదొస్తది. దవాఖాన కాయితంల పసుపు పని అని రాస్తె, ఎవలన్న సూసి, ఈమె బీడీలామె కాదని పింఛన్ బంద్ పెడతరని భయమైంది. మా దిక్కు అందరం గట్లనే సెప్తం. జనాభా రాసుకునేటోళ్లు అడిగినా బీడీలే, బ్యాంకోళ్లు అడిగినా బీడీలే. సెవుల డాక్టర్ అడిగినా గదే నోట్లకొచ్చింది. గా ఒక్క మాట తోని ఆమె సెవి తలుపు నేనే పెట్టిన.

మళ్ల వచ్చి దిద్దిచ్చుకుందామనుకున్న. అబద్ధం సెప్పిండని నన్ను గూడ తీసేస్తరని సప్పుడు సేయకున్న.

మిషిన్ లేకుంటె ఆమెకు ఏం ఇనవడదంటె నమ్మవా? అయితె పిలువు. గా తలుపు తెరువు, నాలుగడుగుల దూరంలనే కూసున్నది. పెంటవ్వ ఆమె పేరు. పిలువు. ఇంక గట్టిగ. నీ క్యాంపు మాట తోనే పిలువు బిడ్డా, తప్పులేదు.

సూసినవా? అటెండరు తిరిగిండు. ఓపీ సీటీ రాయించుకునేటోళ్లు తిరిగిండ్రు. ఆమె మాత్రం బస్సు టికెట్ మడత పెట్టుకుంట కూసున్నది.

ఇరవై రెండేండ్ల పని నా పేరు మీదనే పడ్డది. గీ కంప్యూటర్ల పన్నెండు గంటలు గూడ నా పేరు మీదనే పడ్డయి. మెచ్చుకున్నది గూడ నన్నే. కొట్టెయ్యి బిడ్డా, నా పేరు కొట్టెయ్యి. నీ రీసర్చ్ నేను ఖరాబ్ సేసిన, ఒప్పుకుంటున్న. గని గా గంటలు ఆమెవని రాయి. ఒక్క కాయితంలనన్న ఆమె పేరు ఉండనీ.

రాయరాదా? స్టడీల లేనోళ్ల పేరు రాయనీకి జాగనే లేదా?

మంచిది. రూలంటె రూలే, నువ్వేం సేస్తవ్. ఇగో, తీస్కో. నాకు తియ్యరాదు, నువ్వే తియ్యి.

గని ఆమెకు నేను మాత్రం సెప్ప. మిషిన్ వాపసు తీస్కుంటున్నమని నువ్వే పోయి సెప్పు.

ఎట్ల సెప్తవ్ బిడ్డా? సెప్పాలంటె ముందుగాల గా మిషిన్ ఆమె సెవిల పెట్టాలె గద.